ఎస్‌పీఆర్ సెటప్‌కి హోలోగ్రఫీ జోడిస్తే నిజంగా ఏం లాభం?

ప్రశ్న: ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం చేస్తున్నాను. మా ల్యాబ్‌లో హీలియం-నియాన్ లేజర్, ప్రిజం, బంగారు పూత వేసిన స్లైడ్‌తో నడిచే సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్ సెటప్ ఉంది. దీనికి డిజిటల్ హోలోగ్రఫీ జోడించి మైక్రోస్కోప్‌గా మార్చమని మా గైడ్ గారు అంటున్నారు. కాంతి తీవ్రత కొలిచే పద్ధతి కంటే ఫేజ్ (కాంతి తరంగం తన ఊపులో ఏ దశలో ఉందో) కొలిచే పద్ధతి వంద రెట్లు సున్నితమైనదని పేపర్లలో చదివాను. నిజమేనా? ప్రిజంతోనే సర్దుకోవాలా, మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ లెన్స్ కొనమని అడగాలా?

జవాబు:

హోలోగ్రఫీ తప్పకుండా జోడించండి. కానీ ఆ వంద రెట్ల కోసం మాత్రం కాదు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి కాగితం మీద చూస్తే దాని మీద మోజు దానంతటదే తగ్గిపోతుంది. హోలోగ్రామ్ వల్ల, అంటే శాంపిల్ కాంతినీ రిఫరెన్స్ కిరణాన్నీ కలిపి కెమెరా మీద తీసే చారల (ఫ్రింజ్‌ల) చిత్రం వల్ల, అసలు లాభం ఇంకోటి. ఒక్క ఫ్రేమ్‌లోనే పరావర్తనం చెందిన కాంతి తీవ్రతా, ఫేజూ రెండూ చేతికొస్తాయి. ఫోకస్ సరిగ్గా కుదరకపోతే తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. అదే చిత్రంలో శాంపిల్ పక్కనున్న ఖాళీ బంగారాన్ని రిఫరెన్స్‌గా పెట్టుకుని డ్రిఫ్ట్‌ని తీసేయొచ్చు. నన్నడిగితే ఈ మూడింటి కోసమే ఈ శ్రమ పడాలి.

ముందు మీ సెటప్‌లోని అంకెలు ఒకసారి మననం చేసుకుందాం, తర్వాతి మాటలన్నీ వాటి మీదే నడుస్తాయి. గాజు వక్రీభవన గుణకం 1.515, దాని మీద 50 నానోమీటర్ల బంగారం, పైన నీళ్లు, లేజర్ 632.8 నానోమీటర్లు. ఈ కలయికలో గాజు వైపు నుంచి సుమారు 72.5 డిగ్రీల కోణంలో వచ్చిన పి-పోలరైజ్డ్ కాంతి (విద్యుత్ క్షేత్రం పతన తలంలో ఊగేది) బంగారం పై ముఖం మీద ప్లాస్మాన్ తరంగాన్ని, అంటే లోహంలోని ఎలక్ట్రాన్ల సామూహిక ఊపుని, లేపుతుంది. ఆ కోణంలో పరావర్తనం పడిపోతుంది, దీన్నే డిప్ అంటారు. నీళ్లకు బదులు గాలి ఉంటే అదే డిప్ 43.6 డిగ్రీల దగ్గర వస్తుంది. ఎస్-పోలరైజ్డ్ కాంతికి (విద్యుత్ క్షేత్రం ఆ తలానికి లంబంగా ఊగేది) ఈ ప్లాస్మాన్‌తో ఏ సంబంధమూ లేదు, బంగారం మీద మామూలుగా పరావర్తనం చెంది వెళ్లిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ప్లాస్మాన్‌తో పాటు ఉండే విద్యుత్ క్షేత్రం నీళ్లలోకి 180 నానోమీటర్ల దాకా వెళ్లేసరికి దాదాపు మూడో వంతుకి తగ్గిపోతుంది. అంటే మీరు చూసేది బంగారాన్ని అంటిపెట్టుకున్న ఆ పల్చటి పొరనే. అందుకే ఇది జీవకణాల అడుగు భాగానికీ, ప్రోటీన్ పొరలకీ, గ్రాఫీన్ లాంటి పల్చటి పదార్థాలకీ ఇంత బాగా సరిపోతుంది. ఉదాహరణకి 3 నానోమీటర్ల మందం, 1.45 గుణకం ఉన్న ప్రోటీన్ పొర బంగారం మీద కూర్చుందనుకోండి. ప్లాస్మాన్‌కి అది నీటి గుణకం మొత్తంగా 0.004 దాకా పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని బయోసెన్సర్ వాళ్ల లెక్కలోకి మారిస్తే 10 లక్షల్లో ఒక వంతు మార్పుకి చదరపు మిల్లీమీటర్‌కి ఒక పికోగ్రామ్ ప్రోటీన్ చొప్పున సుమారు 4 నానోగ్రాములు. యాంటీబాడీల నిండు పొరకి దగ్గరదగ్గరగా వచ్చే అంకె ఇదే. రెండు దారుల్లో లెక్క కలిసిందంటే మీ మోడల్ ఫర్వాలేదని అర్థం.

చరిత్ర క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ప్రిజంతో ప్లాస్మాన్‌ని లేపడం 1968లో జరిగింది, ఒట్టో ఒక రకంగా, క్రెష్‌మన్, రేథర్ ఇంకో రకంగా చేశారు. మీది రెండో రకం. 1983లో స్వీడన్‌లో లీడ్‌బెర్గ్, నైలాండర్, లుండ్‌స్ట్రోమ్ దీన్ని వాయువులకీ, ప్రోటీన్లకీ సెన్సర్‌గా వాడి చూపించారు. 1988లో రోథెన్‌హాయిస్లర్, నోల్ దాన్ని మైక్రోస్కోప్ చేశారు. ఫేజ్‌ని కొలిచే ప్రయత్నాలు 1990ల రెండో సగంలో ఊపందుకున్నాయి. ఇటు హోలోగ్రఫీ వైపు గేబర్ ఆలోచన 1948 నాటిది. రెండు కిరణాల్ని కోణంలో కలిపే పద్ధతిని 1962లో లీత్, ఉపాట్‌నియెక్స్ తెచ్చారు. ఫిల్మ్ లేకుండా నేరుగా సీసీడీ మీద రికార్డు చేసి కంప్యూటర్‌లో పునర్నిర్మించడం 1994లో ష్నార్స్, యూప్ట్‌నర్ చేశారు. ఈ రెండు పాయల్నీ కలిపిన పని మీకు ఎక్కువగా చైనాలోని షియాన్ నగరంలో ఉన్న నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నికల్ యూనివర్సిటీ నుంచీ, ఇటలీలో నేపుల్స్ గ్రూపు నుంచీ కనిపిస్తుంది. ఆ పేపర్లు చదివేటప్పుడు ఫలితాల బొమ్మల కంటే ముందు ఆప్టిక్స్ లేఅవుట్ చూడండి. అసలు తెలివంతా అక్కడే ఉంటుంది.

ఇక వంద రెట్ల సంగతి. డిప్ దగ్గర పరావర్తన గుణకం ఒక సంకీర్ణ సంఖ్య, అంటే దానికి పరిమాణం, ఫేజ్ రెండూ ఉంటాయి. దాని పరిమాణం సున్నాకి దగ్గరవుతున్నప్పుడు ఫేజ్ చాలా నిటారుగా మారుతుంది. ఎంత నిటారుగా మారుతుందో బంగారం మందాన్ని బట్టి ఉంటుంది. ప్లాస్మాన్ తన శక్తిని రెండు రకాలుగా పోగొట్టుకుంటుంది: లోహంలో వేడిగా కొంత, తిరిగి గాజులోకి కాంతిగా కొంత. ఈ రెండూ సమానమైన మందం దగ్గర, అంటే 48-50 నానోమీటర్ల ప్రాంతంలో, పరావర్తనం పూర్తిగా సున్నా అవుతుంది. పూత అంతకంటే పల్చగా ఉంటే కోణం డిప్‌ని దాటే లోపల ఫేజ్ మెట్టులా మొత్తం 360 డిగ్రీలు ఒకే దిక్కుగా నడుస్తుంది. మందంగా ఉంటే కాస్త పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ మొదటికొస్తుంది.

ఇందులో ఒక విషయాన్ని పేపర్లలో ఒక వాక్యంలో దాటేస్తారు, ల్యాబ్‌లో మాత్రం అది రోజుల తరబడి తలనొప్పి పెడుతుంది. ఆ సరిహద్దు మందానికి ఇవతల, అవతల ఫేజ్ వాలు గుర్తు తిరగబడుతుంది. అంటే 46 నానోమీటర్ల స్లైడ్ మీద డిప్ మధ్యలో ప్రోటీన్ కూర్చుంటే ఫేజ్ పెరిగిందనుకుంటే, 53 నానోమీటర్ల స్లైడ్ మీద అదే ప్రోటీన్‌కి తగ్గుతుంది. ఇవాపరేషన్ చాంబర్‌లో మూలకి పెట్టిన స్లైడ్‌కీ, మధ్యలో పెట్టిన స్లైడ్‌కీ కొన్ని నానోమీటర్ల తేడా ఉండటం మామూలే. కొత్తవాళ్లు కోడ్‌లో మైనస్ గుర్తు ఎక్కడో తప్పిందని వెతుక్కుంటూ కూర్చుంటారు. కోడ్ జోలికి వెళ్లే ముందు ప్రతి స్లైడ్‌కీ కోణం మార్చుతూ పరావర్తన వక్రరేఖ తీసి, పరావర్తనాన్ని లెక్కగట్టే ఫ్రెనెల్ సూత్రాలతో ఫిట్ చేసి, మందాన్ని స్లైడ్ పెట్టె మీదే రాసి పెట్టుకోండి. ఒక జాగ్రత్త: తీవ్రత ఒక్కదాన్నే ఫిట్ చేస్తే సరిహద్దుకి అటొకటి, ఇటొకటి చొప్పున రెండు మందాలు దాదాపు ఒకేలా కుదిరి మోసం చేస్తాయి. ఏది నిజమో ఫేజ్ వాలు చెబుతుంది. హోలోగ్రఫీ వల్ల మొదటి రోజే దొరికే లాభం ఇది.

సరే, సరిగ్గా సున్నా దగ్గరే కూర్చుంటే వాలు అనంతం కదా, ఇంకేం కావాలి అంటారు. అక్కడ కాంతే లేదు, చిక్కంతా అదే. పరావర్తన పరిమాణం సగానికి తగ్గితే డిప్ మధ్యలో ఫేజ్ వాలు రెండింతలవుతుంది, నిజమే. కానీ ఫేజ్ కొలతలో షాట్ నాయిస్ (ఫోటాన్ల సంఖ్యలో సహజంగా ఉండే ఒడిదుడుకు) కూడా సరిగ్గా రెండింతలవుతుంది, ఎందుకంటే కెమెరాకి వచ్చే శాంపిల్ కాంతి అంత తగ్గిపోయింది. భాగహారం చేస్తే ఏమీ మిగలదు. షాట్ నాయిస్ ఒక్కటే అడ్డు అయిన చోట ఫేజ్, తీవ్రత రెండూ దగ్గరదగ్గర సున్నితత్వమే ఇస్తాయని 2006లోనే రాన్, లిప్సన్ లెక్కకట్టి చూపించారు. పేపర్లలో వంద రెట్లు కనిపించేది చాలాసార్లు నాయిస్‌ని పక్కన పెట్టి వాలుని వాలుతో పోల్చినందువల్ల. లేదా పోలికకి తీసుకున్న తీవ్రత సెటప్ నాసిరకంది అయినందువల్ల. లేజర్ పవర్ అటూఇటూ ఊగే చోట ఫేజ్ నిజంగానే గెలుస్తుంది, ఎందుకంటే పవర్ మారినా ఫ్రింజ్‌ల స్థానం మారదు. ఆ గెలుపుని ఆ పేరుతోనే పిలవాలి.

కాబట్టి నా సలహా: డిప్ అడుగున కాకుండా, పరావర్తనం 5 నుంచి 15 శాతం మధ్య ఉండే చోట పని పెట్టుకోండి. 44-46 నానోమీటర్ల పూత వేయిస్తే డిప్ అడుగున కూడా కొంత కాంతి మిగులుతుంది, ఫేజ్ కూడా మెట్టులా ఒకే దిక్కుకి నడుస్తుంది, గుర్తు తిరగబడే భయం ఉండదు. సరిగ్గా సరిహద్దు మందంలో ఇంకో తంటా ఉంది. చిత్రంలో అక్కడక్కడా పరావర్తనం నిజంగా సున్నా అయిన బిందువులు పుడతాయి. వాటి చుట్టూ ఫేజ్ సుడి తిరుగుతుంది, 360 డిగ్రీల దగ్గర తెగిపోయే ఫేజ్‌ని అతికే అన్‌ర్యాపింగ్ ప్రోగ్రామ్ అక్కడ తికమకపడి చిత్రం పొడుగునా గీతలు గీస్తుంది.

రికార్డింగ్ సంగతికొద్దాం. రిఫరెన్స్ కిరణం శాంపిల్ కిరణంతో ఎంత కోణంలో కలవాలన్నది అంచనాతో వదిలేయాల్సింది కాదు, లెక్క వేయాల్సిందే. 100ఎక్స్, 1.49 న్యూమరికల్ అపెర్చర్ (ఎంత వాలు కాంతిని పట్టగలదో చెప్పే అంకె) ఉన్న ఆబ్జెక్టివ్ తీసుకుందాం. కెమెరా దగ్గర ఆ చిత్రంలో ఉండగల అతి సన్నని వివరానికి పీరియడ్ 42 మైక్రాన్లు. హోలోగ్రామ్ ఫోరియర్ చిత్రంలో శాంపిల్ సమాచారం మోసే పక్క మచ్చ (సైడ్‌బ్యాండ్) మధ్యనున్న మచ్చతో (జీరో ఆర్డర్‌తో) కలిసిపోకుండా ఉండాలంటే ఫ్రింజ్ పీరియడ్ అందులో మూడో వంతు, అంటే 14 మైక్రాన్లు ఉండాలి. కెమెరా పిక్సెల్ 3.45 మైక్రాన్లయితే ఒక ఫ్రింజ్‌కి 4 పిక్సెళ్లు వస్తాయి. కిరణాల మధ్య కోణం 2.6 డిగ్రీలు. ఇలా చక్కగా సరిపోతుంది. అదే 60ఎక్స్ వాడితే పిక్సెళ్లు చాలవు, కెమెరా ముందు కాస్త అదనపు మాగ్నిఫికేషన్ పెట్టుకోవాలి.

హోలోగ్రామ్‌ని ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ చేసి చూస్తే మామూలు డిజిటల్ హోలోగ్రఫీలో ప్లస్ ఒకటో ఆర్డర్ (ఇందాకటి సైడ్‌బ్యాండ్) మధ్యలో మెరిసే చుక్క ఉంటుంది. ఇక్కడ అలా ఉండదు. కాంతి ఆబ్జెక్టివ్ అంచు నుంచి వాలుగా వెళ్తోంది కాబట్టి లేత గుండ్రటి ప్యూపిల్ (ఆబ్జెక్టివ్ కాంతి ద్వారం) ఆకారం కనిపించి, మెరిసే చుక్క దాని అంచుకి అతుక్కుని ఉంటుంది. దాన్ని చూసి అలైన్‌మెంట్ పోయిందని కంగారుపడొద్దు, అదే సరైనది. పైగా ఆ చుక్క కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందో కొలిస్తే మీ ఇన్సిడెన్స్ కోణం ఎంతో హోలోగ్రామే చెప్పేస్తుంది. ఫిల్టర్ విండోని మాత్రం చుక్క చుట్టూ గీయకండి, ప్యూపిల్ గుండ్రం మొత్తానికీ గీయండి. చుక్క చుట్టూ గీస్తే శాంపిల్ నుంచి చెదిరిన కాంతిలో ఒక వైపుది కోసుకుపోతుంది.

రిఫరెన్స్ కిరణం తీవ్రత గురించి కూడా ఒక మాట. శాంపిల్ పరావర్తనం 1 శాతానికి పడిపోయి, రిఫరెన్స్ మాత్రం పూర్తి బలంతో వస్తుంటే ఫ్రింజ్ కాంట్రాస్ట్ 20 శాతానికి మించదు. కెమెరా పిక్సెల్ పట్టే ఎలక్ట్రాన్లు 10 వేల చుట్టూ ఉంటాయి కాబట్టి, వాటిని వృథాగా రిఫరెన్స్ కాంతితో నింపేస్తున్నట్టే. పూర్తి కాంట్రాస్ట్ ఉంటే ఒక పిక్సెల్ ఫేజ్ నాయిస్ 0.014 రేడియన్ల దగ్గర ఉండేది, 20 శాతం కాంట్రాస్ట్‌లో 0.07కి వెళ్లిపోతుంది. రిఫరెన్స్ దారిలో హాఫ్ వేవ్ ప్లేట్, పోలరైజర్ పెట్టుకుని రెండు కిరణాల్నీ సరితూచుకోండి. కాంతి తగ్గిందని భయపడక్కర్లేదు, ఎక్స్‌పోజర్ పెంచుకోవచ్చు. అయితే ఎక్స్‌పోజర్ పెంచితే వైబ్రేషన్ పట్టుకుంటుంది.

వైబ్రేషన్ ఎవరినీ వదలదు. రెండు దారుల మధ్య ఒక్క నానోమీటర్ తేడా వస్తే 0.01 రేడియన్ ఫేజ్ మారుతుంది. రిఫరెన్స్ కిరణాన్ని విడిగా అర మీటరు దూరం గాలిలో తిప్పి తెచ్చారా, మీరు కొలిచేది ప్రోటీన్ కాదు, ఏసీ గాలి. కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా గ్రాఫ్ పైకి లేవడం మన ల్యాబుల్లో మామూలు దృశ్యం. ఇందాక గుర్తుంచుకోమన్న ఎస్-పోలరైజేషన్ ఇక్కడే పనికొస్తుంది. కాంతిని 45 డిగ్రీల్లో పోలరైజ్ చేసి పంపితే పి, ఎస్ రెండూ ఒకే దారిలో, ఒకే గాజు గుండా వెళ్తాయి. ప్లాస్మాన్‌కి స్పందించేది పి ఒక్కటే. బయటికొచ్చాక వొలాస్టన్ ప్రిజంతో రెండింటినీ చిన్న కోణంలో విడదీసి, పోలరైజర్‌తో మళ్లీ కలిపితే కెమెరా మీద ఫ్రింజ్‌లు వస్తాయి. వణుకు రెండింటికీ సమానంగా తగులుతుంది కాబట్టి తీసివేతలో పోతుంది. దీనికో ధర ఉంది: ఎస్ చిత్రం కూడా కొద్దిగా శాంపిల్‌ని మోసుకొస్తుంది, రెండు చిత్రాలూ ఒకదాని మీద ఒకటి కాస్త జరిగి పడతాయి. శాంపిల్ చిత్రంలో సగం మేరకే ఉండేట్టు, మిగతా సగం ఖాళీ బంగారం ఉండేట్టు చూసుకుంటే ఆ గొడవ తప్పుతుంది.

వైబ్రేషన్‌ని ఈ కామన్ పాత్ (రెండు కిరణాలూ ఒకే దారిలో వెళ్లడం) మింగేస్తుంది గానీ ఉష్ణోగ్రతని మింగదు. నీటి వక్రీభవన గుణకం ఒక డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 0.0001 తగ్గుతుంది. అంటే 10 లక్షల్లో ఒక వంతు మార్పుని నమ్మకంగా చూపించాలంటే నీళ్లు డిగ్రీలో నూరో వంతు కూడా కదలకూడదు. పెల్టియర్ (విద్యుత్తుతో చల్లబరిచే, వేడిచేసే పలక) పెట్టి ఫ్లో సెల్‌ని (బంగారం మీద ద్రవం పారే గదిని) పట్టి ఉంచినా అంత నిలకడ రావడం కష్టం. అందుకే పక్కనున్న ఖాళీ బంగారం ముఖ్యం. అదే నీళ్లు, అదే ఉష్ణోగ్రత, అదే ఫ్రేమ్. శాంపిల్ ప్రాంతం ఫేజ్‌లోంచి ఖాళీ ప్రాంతం ఫేజ్ తీసేస్తే మిగిలేది బంగారం మీద నిజంగా జరిగిన మార్పు. ఒకే డిటెక్టర్ ఉన్న సెన్సర్‌కి ఈ వెసులుబాటు లేదు, చిత్రానికి ఉంది. బఫర్‌ని వాడే ముందు వాక్యూమ్‌లో గాలి తీసేయడం మాత్రం మరవొద్దు. ఫ్లో సెల్‌లో ఒక్క బుడగ చేరితే ఆ పూట పని అయిపోయినట్టే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: ప్రిజమా, ఆబ్జెక్టివా?

ప్రిజంతో చూసినప్పుడు 72.5 డిగ్రీల వాలులో బంగారాన్ని చూస్తున్నారు. చిత్రం ఒక దిక్కులో మూడో వంతుకి నొక్కుకుపోయి కనిపిస్తుంది. తలం వాలుగా ఉండటం వల్ల ఒకసారికి సన్నటి పట్టీ ఒక్కటే ఫోకస్‌లో ఉంటుంది. మామూలు కెమెరా అయితే ఇక్కడితో ఆగిపోవాల్సిందే. హోలోగ్రామ్‌కి ఫేజ్ తెలుసు కాబట్టి పట్టీ పట్టీగా వేర్వేరు దూరాలకు సంఖ్యాత్మకంగా ప్రాపగేట్ చేసి, అన్నిటినీ కుట్టి, మొత్తం చిత్రాన్ని ఫోకస్‌లోకి తేవచ్చు. ప్రిజం సెటప్‌కి హోలోగ్రఫీ చేసే పెద్ద ఉపకారం ఇదే. ప్రిజం అడ్డు కాబట్టి లెన్స్‌ని దగ్గరికి తీసుకెళ్లలేరు, అందువల్ల రెజల్యూషన్ పది మైక్రాన్ల మెట్టులోనే ఉంటుంది. వరుసలుగా అద్దిన ప్రోటీన్ మచ్చల్ని చూడటానికి అది చాలు. విడి కణాల అడుగున ఏముందో చూడటానికి చాలదు.

ఆబ్జెక్టివ్ దారిలో నూనెలో ముంచే టర్ఫ్ (సంపూర్ణాంతర పరావర్తనం కోసం చేసిన) ఆబ్జెక్టివ్ కావాలి. ఇది కొనేముందు ఒక లెక్క చూడండి. నీళ్లలో ప్లాస్మాన్‌ని లేపడానికి కావలసిన న్యూమరికల్ అపెర్చర్ 1.446. కాబట్టి 1.45 రాసి ఉన్న ఆబ్జెక్టివ్ పేరుకే సరిపోతుంది, డిప్ సగంలోనే కోసుకుపోతుంది. 1.49 ఉన్నదే అడగండి. దానితో కూడా చోటు ఎంతనుకుంటున్నారు? 2 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న 100ఎక్స్‌లో లేజర్ చుక్కని వెనక ఫోకల్ తలం మీద కేంద్రం నుంచి 2.89 మిల్లీమీటర్ల దూరంలో పెట్టాలి. అంచు 2.98 దగ్గర ఉంది. అంటే మీకు మిగిలింది 90 మైక్రాన్లు. చేత్తో తిప్పే మామూలు మౌంట్‌తో ఇది కుదరదు, మైక్రోమీటర్ స్టేజ్ మీద అద్దం పెట్టి జరపాలి. అలైన్‌మెంట్ సరిచూడటానికి ఒక సులువైన దారి ఉంది: లేజర్‌తో ప్యూపిల్ మొత్తాన్ని నింపి వెనక ఫోకల్ తలాన్ని కెమెరా మీద చూడండి. సరళ పోలరైజేషన్ కాబట్టి పూర్తి వలయం రాదు, ఎదురెదురుగా రెండు నల్లటి నెలవంకలు కనిపిస్తాయి. వాటిని కలిపే గీతే పోలరైజేషన్ దిక్కు. చుక్కని ఆ గీత మీదే పెట్టాలి, కాస్త పక్కకి జరిగినా ఎస్ కలిసిపోయి డిప్ నిస్సారంగా తయారవుతుంది.

ఇంకో ఇబ్బంది ముందే తెలిసుండాలి. కణం లోపలి గుణకం 1.37 దాకా ఉంటుంది. కణం బంగారానికి గట్టిగా అతుక్కున్న చోట ప్లాస్మాన్‌కి కావలసిన అపెర్చర్ 1.49 వైపు పాకి, ఆబ్జెక్టివ్ పరిధి దాటే పరిస్థితి వస్తుంది. 780 నానోమీటర్ల లేజర్‌కి మారితే నీళ్లలో అది 1.39 చుట్టూ దిగుతుంది, చోటు చాలా మిగులుతుంది. అలాగని ఊరికే రాదు. 633 దగ్గర ప్లాస్మాన్ బంగారం మీద 2 నుంచి 4 మైక్రాన్లు పరుగెత్తి చచ్చిపోతుంది, 780 దగ్గర ఆ పరుగు పది మైక్రాన్లకి చేరుతుంది. ఎంత దూరం పరుగెడితే చిత్రం అంత అలుక్కుపోతుంది. తడి ముగ్గు మీద చెయ్యి రాసినట్టు ప్రతి చుక్కకీ ప్లాస్మాన్ వెళ్లే దిక్కుకే ఒక తోక వస్తుంది, అడ్డదిక్కులో మాత్రం గీత శుభ్రంగా ఉంటుంది. మీ చిత్రంలో తోకలన్నీ ఒకే వైపు ఉన్నాయంటే ఫోకస్ తప్పలేదు, ఫిజిక్స్ పని చేస్తోందన్నమాట. రెండు ఎదురు దిక్కుల నుంచి లేజర్ పంపి రెండు హోలోగ్రామ్‌లు తీస్తే తోక ఏది, శాంపిల్ ఏది అన్నది తేలిపోతుంది.

వెండి వాడొచ్చా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. డిప్ సన్నబడుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ వెండి గాలిలోని సల్ఫర్‌కి నల్లబడుతుంది, బఫర్‌లో ఇంకా త్వరగా పాడవుతుంది. పీహెచ్‌డీ మొదట్లో ఆ తలనొప్పి అక్కర్లేదు.

డేటా చేతికొచ్చాక ఒక ప్రలోభం ఉంటుంది. తీవ్రత ఒకటి, ఫేజ్ ఒకటి, రెండు సమీకరణాలు ఉన్నాయి కాబట్టి పొర మందం, గుణకం రెండూ విడివిడిగా తేల్చేస్తాం అనిపిస్తుంది. పొర 180 నానోమీటర్లతో పోలిస్తే బాగా పల్చగా ఉంటే ఇది కుదరదు. ప్లాస్మాన్‌కి తెలిసేది మందాన్ని, గుణకంలో నీటితో ఉన్న తేడాతో గుణిస్తే వచ్చే లబ్ధం ఒక్కటే. 2 నానోమీటర్ల దట్టమైన పొరా, 4 నానోమీటర్ల వదులైన పొరా ఒకేలా కనిపిస్తాయి. గ్రాఫీన్ లాంటి కాంతిని పీల్చుకునే పదార్థాల్లో మాత్రం తీవ్రత, ఫేజ్ నిజంగా వేర్వేరు కబుర్లు చెబుతాయి, ఎందుకంటే శోషణ డిప్ లోతుని మారుస్తుంది, గుణకం దాని స్థానాన్ని మారుస్తుంది. గ్రాఫీన్ పొరల సంఖ్య చెప్పడానికి ఈ పద్ధతి పనికొచ్చింది అందుకే. ప్రోటీన్‌కి మందం కావాలంటే రెండు తరంగదైర్ఘ్యాల్లోనో, రెండు వేర్వేరు ద్రవాల్లోనో కొలవాల్సిందే. పేపర్ రివ్యూలో మొదటి ప్రశ్న దీని మీదే వస్తుంది.

మొత్తం మీద నేనైతే ఆబ్జెక్టివ్‌కి ఇండెంట్ పెట్టమని గైడ్ గారిని ఇప్పుడే అడుగుతాను, ఎందుకంటే అది లక్షల్లో వ్యవహారం. కొటేషన్లు, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, కమిటీ అంటూ నెలలు పడుతుంది. అది వచ్చేలోగా ఉన్న ప్రిజంతోనే హోలోగ్రఫీ నేర్చుకోండి. కోడ్, అలైన్‌మెంట్, రిఫరెన్స్ తీసివేత అన్నీ రెండింటికీ ఒకటే. మొదట నీళ్లు కూడా వద్దు. గాలిలో 43.6 డిగ్రీల దగ్గర డిప్ ఒక డిగ్రీ వెడల్పుతో పదునుగా ఉంటుంది, లీకేజీలూ బుడగలూ ఉండవు. ఫేజ్ 360 డిగ్రీలు నడుస్తోందా, లేచి దిగుతోందా అన్నది అక్కడే చూసుకోవచ్చు. సరిహద్దు మందం గాలికీ నీటికీ సరిగ్గా ఒకటే కాదు కాబట్టి, సరిహద్దుకి మరీ దగ్గరున్న స్లైడ్‌ని నీళ్లలో మళ్లీ సరిచూడాలి. తర్వాత నీళ్లు, ఆ తర్వాత ఉప్పు నీళ్లు: 1 శాతం ఉప్పుకి గుణకం 0.0017 పెరుగుతుంది. 0.2 శాతం మెట్లతో 1 శాతం దాకా వెళ్లి, మళ్లీ శుభ్రమైన నీటికి తిరిగి రండి. ఫేజ్ మొదటి చోటికి రాకపోతే ఉష్ణోగ్రతో, పూత లేవడమో, రెండింటిలో ఒకటి. పూత లేస్తోందంటే కింద క్రోమియం రెండు మూడు నానోమీటర్లు వేశారో లేదో ఇవాపరేషన్ చేసినవాళ్లని అడగండి. అది లేని బంగారం నీటి ప్రవాహానికి రేకుల్లా ఊడి వస్తుంది.

ఆ ఉప్పు నీళ్ల గ్రాఫ్ వచ్చాక పూత మందం, ఇన్సిడెన్స్ కోణం, ఆ కోణంలో పరావర్తనం ఎంత శాతమో ఈ మూడూ కలిపి ఇక్కడ పెట్టండి. మెట్టుకి ఫేజ్ ఎంత మారాలో, ఏ దిక్కుకి మారాలో వాటితో లెక్క వేసి చెబుతాను.